మీటరు తిరగని మాట: ఉత్తరం నుంచి వీడియో కాల్ దాకా తాతయ్య ఇంటి దారి

దేశం దాటి వెళ్లినవాడి కబురు ఇంటికి ఎలా చేరింది అన్నది పెద్ద కథే. ఓడలో వచ్చిన ఉత్తరంతో మొదలై, ఎస్టీడీ బూత్‌ల మీదుగా, నేడు అందరి చేతుల్లో ఉన్న సెల్‌ఫోన్ దాకా ఆ కథ సాగుతుంది. వలస వెళ్లిన ప్రతి కుటుంబానికీ అందులో కొంత భాగం ఉంది. అయితే ఈ కథలో ఎవరూ లెక్కలోకి తీసుకోని మనిషి ఒకరున్నారు. ఆ మనిషి వయసు రెండేళ్లో, మూడేళ్లో. ఉత్తరం ఇస్తే చింపుతుంది. ఫోను చెవికి పెడితే ఊపిరి బిగబట్టి ఊరుకుంటుంది. "తాతయ్యతో మాట్లాడు" అంటే తల ఊపుతుంది. ఆ తల ఊపడం అవతల తాతయ్యకు కనిపించదు.

ఉత్తరం గానీ, టెలిగ్రాం గానీ, టెలిఫోన్ గానీ పెద్దవాళ్ల అవసరాల కోసం వచ్చినవే. డబ్బు అందిందా, పంట ఎలా ఉంది, పెళ్లి ఎప్పుడు, ఎవరు పోయారు అన్న కబుర్లను మోయడానికే అవి పుట్టాయి. చిన్నపిల్లకూ, ఊళ్లో ఉన్న నాయనమ్మకూ మధ్య బంధం కలపగల సాధనం మనకు చాలా ఆలస్యంగా దొరికింది. దొరికిన తర్వాత దాన్ని సరిగ్గా వాడుకుంటున్నామా అన్నది తేలాలంటే కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి.

ఓడ ఎక్కినవాళ్లు

1860 అక్టోబరు 12న మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ బయలుదేరింది. అందులో 342 మంది ఒప్పంద కూలీలు ఉన్నారు. నవంబరు 16న ఆ ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. అప్పటి నుంచి 1911 వరకు నేటాల్ చెరకు తోటలకు, గనులకు, రైలు పనులకు వెళ్లిన భారతీయుల సంఖ్య 1,52,000 పైచిలుకు. అంతకు ముందే, 1834 నుంచి, మారిషస్‌కు కూలీల ఓడలు నడిచాయి. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్లను 'కోరంగీలు' అనేవారు. రేవు పేరే జాతి పేరైంది.

నేటాల్ ఒప్పందం ఐదేళ్లకు రాసుకునేవారు. పదేళ్లు ఉంటే తిరుగు ప్రయాణం ఉచితం. కాగితం మీద అలా ఉన్నా, చాలామంది తిరిగి రాలేదు. అక్కడే పెళ్లిళ్లు చేసుకున్నారు, అక్కడే పిల్లల్ని కన్నారు. ఆ పిల్లలకు తాతలు, అవ్వలు సముద్రం ఇవతల ఉండిపోయారు. మనవడు పుట్టాడన్న కబురు చేరాలంటే ముందు రాయగలిగినవాడు దొరకాలి, తర్వాత ఓడ దొరకాలి, ఊళ్లో చదవగలిగినవాడు దొరకాలి. ఈ మూడూ కుదిరి ఉత్తరం చేరేసరికి పసివాడు పాకే వయసు దాటి ఉండేవాడు. ముఖం చూడటం అన్న ప్రశ్నే లేదు.

దాని ఫలితం రెండు మూడు తరాల్లో తేలింది. ఇంట్లో తెలుగు మాట్లాడే ముసలివాళ్లు లేకపోతే పిల్లల నోట తెలుగు నిలవదు. డర్బన్ తెలుగువాళ్లు ఆ ప్రమాదం గుర్తించి 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. తెలుగు బడులు నడిపారు, పండుగలు నిలబెట్టారు. వాళ్ల పట్టుదలకు చేతులెత్తి మొక్కాల్సిందే. అయినా బడి నేర్పే తెలుగు వేరు, నాయనమ్మ ఒళ్లో వచ్చే తెలుగు వేరు. మొదటిది అక్షరాలతో మొదలవుతుంది. రెండోది "అమ్మా, ఆకలేస్తోందా?" అన్న ప్రశ్నతో మొదలవుతుంది.

ఉత్తరంలో చివరి వరుస

మన ఉత్తరాలకు ఒక పద్ధతి ఉండేది. 'ఉభయకుశలోపరి' అని మొదలు. ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాము అన్న అర్థం ఆ ఒక్క మాటలో ఇమిడిపోయేది. తర్వాత డబ్బు సంగతి, పొలం సంగతి, బంధువుల సంగతి. అన్నీ అయ్యాక, కాగితం అడుగున మిగిలిన జాగాలో, 'చి॥ బాబుకు ముద్దులు' అని ఒక వరుస. పిల్లల వాటా అంతే.

1950 అక్టోబరు 2న మన దేశంలో ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. గల్ఫ్‌కు రాసేవాళ్లకు పల్చటి ఎయిరోగ్రామ్ ఉండేది. మడతపెట్టి అంటిస్తే అదే కవరు. జాగా తక్కువ కాబట్టి అంచుల్లో కూడా నిలువుగా రాసేవారు. కొందరు తల్లులు పిల్లవాడి అరచెయ్యి కాగితం మీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీసి పంపేవారు. అవతల ఉన్న మనిషి ఆ గీత మీద తన వేళ్లు పెట్టుకుని బిడ్డ ఎంత పెరిగిందో కొలుచుకునేవాడు. చదువురాని పిల్ల పంపగలిగిన ఉత్తరం అదొక్కటే.

టెలిగ్రాం సంగతి వేరు. పల్లెటూళ్లో సైకిల్ మీద టెలిగ్రాం వచ్చిందంటే చదవకముందే ఇంట్లో ఏడుపు మొదలయ్యేది. 2013 జూలైలో బీఎస్ఎన్ఎల్ ఆ సేవను ఆపేసినప్పుడు పట్టణాల్లో కొందరు జ్ఞాపకంగా ఆఖరి టెలిగ్రాములు పంపుకున్నారు. పల్లెల్లో దాన్ని తలుచుకుని బాధపడ్డవాళ్లు తక్కువే.

1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో నిర్మాణాలు ఊపందుకున్నాయి. కరీంనగర్, నిజామాబాద్, కడప, చిత్తూరు, ఉభయ గోదావరి జిల్లాల నుంచి మనవాళ్లు బయలుదేరారు. సెలవు మీద ఊరికి వచ్చేవాళ్ల చేతిలో టేప్ రికార్డర్ తప్పనిసరి అయింది. దానితోపాటు కొత్త రకం ఉత్తరం పుట్టింది. ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన చిన్న క్యాసెట్ మీద మాట్లాడి, ఊరికి వెళ్లేవాడి పెట్టెలో పెట్టి పంపడం. చదువురాని తల్లికి ఇది వరమే. కొడుకు గొంతు మళ్లీ మళ్లీ వినవచ్చు. ఇంట్లో పిల్లలు కూడా ఆ పెట్టె చుట్టూ చేరేవారు. కానీ క్యాసెట్‌లో నాన్న "బాగా చదువుకుంటున్నావా?" అని అడిగి, జవాబు కోసం ఆగేవాడు కాదు. ఆగినా లాభం లేదు. పిల్లవాడు జవాబు చెప్పినా ఆ పెట్టె వినదు. ఈ తేడా గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఎర్ర అంకెల కాలం

టెలిఫోన్ చాలాకాలం ఊరికి ఒకటి. ట్రంక్ కాల్ బుక్ చేసి గంటలు కూర్చునేవారు. ఇంట్లో ఫోను లేనివాళ్లు పక్కింటి నంబరును 'పీపీ' అని రాసి ఇచ్చేవారు. ఫోను వస్తే ఆ ఇంటివాళ్లు కేకేయాలి, మనం పరుగెత్తాలి. 1960 నవంబరులో లక్నో, కాన్పూరుల మధ్య మొదటి ఎస్టీడీ లైను వచ్చింది. 1976లో బొంబాయి నుంచి లండన్‌కు నేరుగా నంబరు తిప్పే వీలు కలిగింది. ఇవన్నీ పెద్ద నగరాల సంగతులు.

పల్లెకు ఫోను రావడానికి కారణం 1984లో పుట్టిన సీ-డాట్ సంస్థ. శ్యామ్ పిట్రోడా మార్గదర్శకత్వంలో అక్కడి ఇంజనీర్లు ఏసీ గది అవసరం లేకుండా మన ఎండకు, దుమ్ముకు తట్టుకునే చిన్న ఎక్స్ఛేంజి తయారు చేశారు. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో దాన్ని మొదట పెట్టారు. ఆ తర్వాతే సందు సందునా పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలతో 'ఎస్టీడీ, ఐఎస్డీ, పీసీఓ' వెలిసింది. కొన్ని లక్షల కుటుంబాలకు, ఎందరో వికలాంగులకు ఆ బూత్‌లు బతుకుతెరువు కూడా అయ్యాయి.

ఆ అద్దాల గదిలో నిలబడ్డవాళ్లకు గుర్తుండేది ఎదురుగా తిరిగే ఎర్ర అంకెలు. మాట నోట ఉన్నా కళ్లు మీటరు మీదే. తల్లి ముందు, తండ్రి తర్వాత, ఆఖర్లో పిల్ల చేతికి రిసీవరు. "మాట్లాడమ్మా, తొందరగా, డబ్బులు అయిపోతున్నాయి." పిల్ల నోరు తెరవదు. తెరిచే లోపు పెద్దవాళ్లు లాక్కుంటారు. పిల్ల మాటకు కావాల్సింది తీరిక. బూత్‌లో దొరకనిది అదే.

ఈ కాలంలోనే మనవాళ్లు ఎప్పటికీ మరువలేని రోజులు వచ్చాయి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. బయటి దేశాలతో ఫోన్లు తెగిపోయాయి. కడప, గోదావరి జిల్లాల ఊళ్లలో కొడుకు బతికి ఉన్నాడో లేడో తెలియక వారాల తరబడి గడిపిన ఇళ్లున్నాయి. జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి ఎయిరిండియా రెండు నెలల్లో 488 విమానాల్లో లక్షకు పైగా భారతీయులను ఇంటికి చేర్చింది. ప్రపంచంలో పౌర విమానాలు చేసిన అతిపెద్ద తరలింపుల్లో అదొకటి. కబురు ఆగితే కుటుంబం ఎంత నలిగిపోతుందో గల్ఫ్ తెలుగువాళ్లకు మరొకరు చెప్పనక్కరలేదు.

తర్వాత గీకి నంబరు కొట్టే కాలింగ్ కార్డులు వచ్చాయి. విదేశీ కాల్స్ మీద వీఎస్ఎన్ఎల్ గుత్తాధిపత్యం 2002 ఏప్రిల్‌లో ముగిసింది. అదే నెల నుంచి ఇంటర్నెట్ ద్వారా మాట్లాడటానికి భారత ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. రేట్లు దిగాయి. అయితే కార్డులోనూ ఒక గొంతు మధ్యలో వచ్చి ఇంకా ఒక్క నిమిషమే మిగిలిందని హెచ్చరించేది. ఎర్ర అంకెలు పోయి, వాటి స్థానంలో ఆ గొంతు వచ్చింది.

ముఖం కనిపించే ఫోను

ముఖం చూస్తూ మాట్లాడే ఫోను కొత్తదేమీ కాదు. 1936లోనే జర్మనీలో బెర్లిన్, లైప్‌జిగ్ నగరాల మధ్య అలాంటి సేవ నడిచింది. పోస్టాఫీసుకు వెళ్లి బూత్‌లో కూర్చోవాలి. యుద్ధం రావడంతో అది మూతపడింది. 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఏటీ అండ్ టీ కంపెనీ 'పిక్చర్‌ఫోన్' అనే యంత్రాన్ని జనానికి చూపించింది. అదే ఏడాది న్యూయార్క్, వాషింగ్టన్, షికాగోలలో బూత్‌లు తెరిచింది. మూడు నిమిషాలకు దూరాన్ని బట్టి 16 నుంచి 27 డాలర్లు. అప్పటి అమెరికాలో అది మామూలు ఉద్యోగికి దాదాపు ఒక రోజు సంపాదన. 1970లో పిట్స్‌బర్గ్‌లో ఇళ్లకు, ఆఫీసులకు ఇవ్వాలని చూశారు. కొన్నవాళ్లు అతి తక్కువ. అవతలివాళ్ల దగ్గర కూడా అదే యంత్రం ఉంటే తప్ప మన దగ్గరున్నది పనికిరాదు కదా! కొన్నేళ్లకే ఆ ప్రయత్నం ఆగిపోయింది.

చిత్రంగా, కంపెనీలు అమ్మలేకపోయిన ఆ యంత్రం చవకైన కంప్యూటరు మీద, ఇంటర్నెట్ మీద స్వారీ చేసి ఇంటింటికీ వచ్చింది. 1994లో క్విక్‌క్యామ్ అనే చిన్న కెమెరా కంప్యూటరు పక్కన చేరింది. 2003లో స్కైప్ పుట్టింది. 2006 మొదట్లో అందులో వీడియో వచ్చింది. అమెరికాలో ఉద్యోగాలు చేసే పిల్లలు గుంటూరు, విజయవాడ, హైదరాబాద్‌లలో ఉన్న తల్లిదండ్రులకు కంప్యూటర్లు కొనిచ్చారు. మనవరాలి ముఖం చూడటం కోసమే అరవయ్యేళ్లు దాటాక మౌస్ పట్టిన పెద్దవాళ్లు మనలో చాలా ఇళ్లలో ఉన్నారు. కంప్యూటరు లేనివాళ్లు పట్నంలో ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లి, చుట్టూ కుర్రాళ్లు కూర్చుని ఉండగా, తెర మీద మనవణ్ణి చూసి కళ్లు తుడుచుకున్నారు. గల్ఫ్‌లో కార్మికుల క్యాంపుల్లో ఉన్నవాళ్లకు మాత్రం ఆ రోజుల్లో ఇది అందని ద్రాక్షే.

ఆ కొరత తీర్చింది చేతిఫోను. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. అంతకు ముందు ఒక జీబీ డేటాకు రెండు వందల రూపాయల పైనే అయ్యేది. జియో కొన్ని నెలలు ఉచితంగా ఇచ్చి, తర్వాత కూడా ధరలను నేలకు దించింది. అదే ఏడాది నవంబరులో వాట్సాప్‌లో వీడియో కాల్ వచ్చింది. రెండూ ఒకే ఏడాది కలవడంతో పల్లెలోని నాయనమ్మ చేతికి వీడియో ఫోను వచ్చింది. గల్ఫ్‌లో అడ్డంకులు వేరు. సౌదీ అరేబియా ఇంటర్నెట్ కాల్స్ మీద నిషేధాన్ని 2017 సెప్టెంబరులో సడలించింది. యూఏఈలో వాట్సాప్, స్కైప్ కాల్స్ ఏళ్ల తరబడి కలవక, బొటిమ్ వంటి అనుమతి ఉన్న యాప్‌లే దిక్కయ్యాయి.

2020 మార్చిలో కరోనా కారణంగా భారత్‌కు విదేశీ విమానాలు ఆగిపోయాయి. మామూలు సర్వీసులు పూర్తిగా మొదలైంది 2022 మార్చి 27న. ఆ రెండేళ్లలో పరాయి దేశంలో పుట్టిన ఎందరో పిల్లలకు తాతయ్య అంటే తెర మీద కనిపించే మనిషే. కొందరు తాతయ్యలు ఆ తెర మీది నుంచే వెళ్లిపోయారు. ఈ దారి తెరిచిన స్కైప్ కూడా 2025 మే 5న మూతపడింది. యంత్రాలు పోతుంటాయి, వస్తుంటాయి. వాటితో మనం ఏం నిలబెట్టుకున్నామన్నదే ముఖ్యం.

పసివాళ్ల గురించి పరిశోధకులు కనుగొన్నది

"ఏడాదిన్నర పిల్లకు ఫోనులో ఏం అర్థమవుతుంది?" అని చాలామంది కొట్టిపారేస్తారు. దీని మీద అమెరికాలో మంచి పరిశోధనలు జరిగాయి. 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో రెండేళ్ల నుంచి రెండున్నరేళ్ల లోపు పిల్లలకు కొత్త మాటలు నేర్పి చూశారు. ఎదురుగా ఉన్న మనిషి దగ్గర, వీడియో కాల్‌లో ఉన్న మనిషి దగ్గర పిల్లలు నేర్చుకున్నారు. ముందే రికార్డు చేసిన వీడియో చూపిస్తే నేర్చుకోలేదు. తేడా తెరలో లేదు. పిల్ల చేసినదానికి అవతలి మనిషి వెంటనే స్పందించడంలో ఉంది. క్యాసెట్‌లో నాన్న గొంతుకు లేనిది సరిగ్గా ఇదే.

2017లో వచ్చిన మరో అధ్యయనంలో ఏడాది నుంచి రెండేళ్ల వయసు పిల్లలను తీసుకున్నారు. ఒక వారం పాటు కొందరికి వీడియో కాల్, కొందరికి రికార్డు చేసిన వీడియో. వారం తర్వాత ఆ మనిషి ఎదురుగా వస్తే, వీడియో కాల్‌లో మాట్లాడిన పిల్లలు గుర్తుపట్టి వాళ్లవైపే మొగ్గారు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా 2016లో ఏడాదిన్నర లోపు పిల్లలకు టీవీ, ఫోను తెరలు వద్దని చెబుతూనే, వీడియో కాల్‌ను మాత్రం మినహాయించింది. కార్టూన్ బొమ్మ పిల్ల నవ్వుకు నవ్వదు. అమ్మమ్మ నవ్వుతుంది.

మనకు దీని అర్థం ఏమిటంటే, రెండేళ్లకోసారి సెలవు మీద ఊరికి వెళ్లినప్పుడు విమానం దిగిన పిల్ల తాతయ్యను చూసి ఏడ్చి తల్లి చీర వెనక దాక్కోవాల్సిన పని లేదు. ముందు నుంచే పరిచయం ఉంటే నాలుగు రోజులు బెరుకు తీరడానికే పోవు. నెల రోజుల సెలవులో నాలుగు రోజులంటే తక్కువేమీ కాదు.

మీటరు పోయింది, అలవాటు పోలేదు

ఇప్పుడు నిమిషానికి ఇంత అని ఎవరూ లెక్కపెట్టడం లేదు. అయినా మన కాల్స్ వింటే బూత్‌లోని మాటలే వినిపిస్తాయి. "తిన్నావా? బడికి వెళ్తున్నావా? నమస్తే చెప్పు. పద్యం చెప్పు. సరే, అమ్మకివ్వు." పిల్లకు అది పరీక్షలా ఉంటుంది. పెద్దవాళ్లకు "వీడు మాతో మాట్లాడడు" అన్న బాధ మిగులుతుంది. తప్పు పిల్లది కాదు, తాతయ్యదీ కాదు. మీటరు నేర్పిన తొందర మనలో ఇంకా తిరుగుతూనే ఉంది. ఆ తొందర వదిలించుకోవడానికి పెద్ద చదువులు అక్కరలేదు. ఇళ్లలో పనికొచ్చే కొన్ని సంగతులు చూడండి.

మొదటిది వేళ. కువైట్, సౌదీ, ఖతర్, బహ్రెయిన్‌లలో సాయంత్రం ఐదైతే ఊళ్లో ఏడున్నర. యూఏఈ, ఒమన్‌లలో ఐదైతే ఊళ్లో ఆరున్నర. పెద్దవాళ్లు భోజనాలు చేసి పడుకోక ముందు, పిల్ల నిద్రమత్తులో లేనప్పుడు ఒక వేళ పెట్టుకోండి. వారానికోసారి గంట మాట్లాడటం కన్నా వారంలో నాలుగుసార్లు పది నిమిషాలు మేలు. పసిపిల్లకు వారం అంటే చాలా దూరం.

రెండోది, పిల్లను పక్కన పెట్టుకుని ఎవరో ఒకరు ఫోను పట్టుకోవాలి. పిల్ల చేతికి ఫోనిస్తే తాతయ్యకు కనిపించేది పైకప్పు ఫ్యానే. అవతల పెద్దవాళ్లు ఫోనును చేత్తో పట్టుకుంటే వణుకుతుంది. ఒక డబ్బాకో, చెంబుకో ఆనించి పెట్టమనండి. వెలుతురు వెనక నుంచి కాకుండా ముఖం మీద పడాలి. తెర మీద బొమ్మను కాకుండా పైనున్న చిన్న కెమెరా వైపు అప్పుడప్పుడు చూస్తే పిల్లకు తనవైపే చూస్తున్నట్టు ఉంటుంది.

మూడోది, ప్రశ్నలు తగ్గించి పని పెంచాలి. నాయనమ్మ కూరగాయలు తరుగుతూ మాట్లాడవచ్చు. తాతయ్య దొడ్లోకి వెళ్లి దూడను చూపించవచ్చు, చింతచెట్టు కింద రాలిన కాయలు లెక్కపెట్టించవచ్చు. పసిపిల్లయితే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని 'బూచి' ఆట ఆడవచ్చు. పిల్ల అన్నం తినే వేళ అమ్మమ్మ కథ చెబితే, ముద్ద ఇక్కడి అమ్మ చేతిది, కథ అక్కడి అమ్మమ్మది. కథను సగంలో ఆపి "మిగతాది రేపు" అంటే, రేపటి కాల్‌ను పిల్లే గుర్తుచేస్తుంది. ఏడెనిమిదేళ్ల పిల్లలైతే వాళ్లే గురువులు కావచ్చు. బడిలో నేర్చుకున్న అరబ్బీ మాటో, ఇంగ్లీషు పద్యమో తాతయ్యకు నేర్పమనండి. తాతయ్య తప్పు పలికినప్పుడు పిల్ల నవ్వే నవ్వు చాలు ఇద్దరికీ.

నాలుగోది, పిల్ల మధ్యలో లేచి పరుగెత్తితే తిట్టకండి. ఎదురుగా ఉన్న తాతయ్య దగ్గర నుంచైనా పిల్ల అలాగే పరుగెత్తుతుంది, మళ్లీ వస్తుంది. ఫోను అక్కడే ఉంచండి. ఆడుకుంటున్న మనవణ్ణి ఊరికే చూస్తూ కూర్చోవడం పెద్దవాళ్లకు పండుగే. ఊళ్లో అరుగు మీద కూర్చుని చేసేది కూడా అదే కదా.

ఐదోది పిలుపు. అబ్బ, జేజి, అవ్వ, తాత, నాయనమ్మ, అమ్మమ్మ... మీ ఇంట్లో ఏ పిలుపు ఉంటే అదే నేర్పండి. అన్నింటికీ 'గ్రాండ్‌మా' అన్న ఒక్క మాట సరిపెట్టకండి. నాన్న తల్లి ఎవరో, అమ్మ తల్లి ఎవరో పిలుపులోనే తెలిసే భాష మనది. డర్బన్, మారిషస్‌ల అనుభవం చూశాం. భాష పోయేటప్పుడు పెద్ద పెద్ద మాటల కన్నా ఇంట్లో మనుషులను పిలిచే పిలుపులే ఆఖరి దాకా నిలుస్తాయి. వాటిని మనమే చేజేతులా వదులుకోవడం న్యాయం కాదు.

దారి తిరగబడిన ఇళ్లు

ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామందికి పిల్లలు ఇక్కడ లేరన్న సంగతి మరిచిపోలేదు. కుటుంబ వీసాకు జీతం చాలదు. ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లకు ఆ మాటే లేదు. వాళ్ల పిల్లలు ఊళ్లో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నారు. అక్కడ తాతా అవ్వలు దగ్గర, అమ్మా నాన్నా దూరం. ఆ ఇళ్లలో ఫోను పట్టుకుని పిల్లను ఒళ్లో కూర్చోబెట్టాల్సిన బాధ్యత అమ్మమ్మది. పైన చెప్పినవన్నీ అటు ఇటు మార్చి చేయవచ్చు. పనుల మధ్య దొరికేది పది నిమిషాలే అయితే, ఆ పది నిమిషాల్లో పిల్ల ముఖమే ముందు చూడండి.

ఈ ఇళ్లకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. అప్పు, వడ్డీ, పొలం గొడవ, అన్నదమ్ముల పంపకం... ఇవన్నీ పిల్ల వింటుండగా మాట్లాడకండి. తన ఎదుటే అమ్మమ్మ డబ్బు గురించి ఏడుస్తూ అమ్మతో పోట్లాడితే, ఆ ఫోను మోగినప్పుడల్లా పిల్ల గుండె దడదడలాడుతుంది. అమ్మ ముఖం కనిపించిందంటే ఇంట్లో గొడవ అని నేర్చుకుంటుంది. ఒకప్పుడు టెలిగ్రాం సైకిల్ చూసి ఇల్లంతా వణికినట్టు, ఇప్పుడు ఫోను మోతకు ఒక పిల్ల వణకకూడదు. డబ్బు మాటలకు వేరే కాల్ చేసుకోండి. ఒకప్పుడు రెండు కాల్స్ చేసే స్తోమత ఎవరికీ లేదు, ఇప్పుడు దాదాపు అందరికీ ఉంది.

వీడియో కాల్ స్పర్శకు సాటి రాదు. అమ్మమ్మ చేతి గోరుముద్ద తెరలోంచి రాదు, తాతయ్య భుజం ఎక్కే వీలు లేదు. ఒంట్లో బాగోలేని పెద్దవాళ్లను తెర మీద చూసి రాలేక కుమిలే మనవాళ్ల బాధను ఏ యాప్ తీర్చలేదు. సెలవు దొరికినప్పుడు వెళ్లాల్సిందే, వీలైతే పిల్లలను తీసుకుని వెళ్లాల్సిందే. వీడియో కాల్ చేయగలిగింది ఒకటుంది. వెళ్లిన రోజున గుమ్మంలో నిలబడ్డ ఆ ముసలి మనిషి పిల్లకు పరాయి మనిషి కాకుండా చేస్తుంది.

ట్రూరో ఓడలో వెళ్లినవాళ్లకు అది దొరకలేదు. ఎయిరోగ్రామ్ అంచుల్లో రాసినవాళ్లకు, బూత్‌లో ఎర్ర అంకెలు చూస్తూ మాటలు మింగినవాళ్లకు కూడా దొరకలేదు. మనకు దొరికింది. ఊళ్లో పెద్దవాళ్లకు మిగిలిన ఏళ్లు ఎన్నో ఎవరూ చెప్పలేరు. పిల్లలకు ఈ పసితనం ఎన్నాళ్లో మాత్రం అందరికీ తెలుసు. ఈ శుక్రవారం కాల్ కలిసినప్పుడు డబ్బు లెక్కలు కాసేపు పక్కనబెట్టి, ముందు పిల్లను కూర్చోబెట్టండి. ఏమీ అడగకండి. తాతయ్యను దూడను చూపించమనండి.